నీళ్లడిగే జీపు

చల్లగా ఉన్నప్పుడు మా జీపు బంగారం. తెల్లారి తాళం తిప్పితే ఒక్క ఊపులో అందుకునేది. తొండూరు నుంచి ముద్దనూరుకు మనుషుల్ని కుక్కి తీసుకెళ్లినా మూలిగేది కాదు. ఆపితేనే తంటా. వేడెక్కిన ఇంజిన్ ఒకసారి ఆగిందంటే, స్టార్టర్ ఎంత తిరిగినా అందుకోదు. చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చోవాల్సిందే. ఉన్న గొర్రెలన్నీ అమ్మి కొన్న బండి అది. కరువులో పుట్టి, బావులు తవ్వి, చేతులు కాయలు కాచినవాణ్ణి. ఒక ఇనుప ముక్క నా దగ్గర మొండికేస్తే ఒళ్లు మండేది.

ప్రొద్దుటూరులో నబీ రసూల్ షెడ్డుకు తీసుకెళ్లాను. మా వైపు జీపులన్నీ అతని చేతి కిందివే. బండి బాగా వేడెక్కాక ఆపించాడు. స్టార్ట్ కాదని తేల్చుకుని, బానెట్ ఎత్తి, డీజిల్ పంపు మీద చెంబుతో చల్లటి నీళ్లు పోశాడు. తాళం తిప్పమన్నాడు. వెంటనే అందుకుంది.

"చూసినావా మామా? పంపు అరిగిపోయింది. వేడికి డీజిల్ పల్చబడి లోపల్నే జారిపోతాంది. చల్లబడితే స్టార్ట్ అవుతాంది. పంపు మార్చాల."

మార్చాడు. కొత్త పంపుతోనూ అదే జబ్బు. బ్యాటరీ, స్టార్టర్, ఫిల్టర్ అన్నీ విప్పి చూశాడు. ఏ తప్పూ లేదు. మళ్లీ నీళ్లు పోశాడు. మళ్లీ అందుకుంది.

"ఏమప్పా రసూలూ, మా గొర్రెల డాక్టరైనా ఇంతకంటే బాగా కనుక్కుంటాడు గదా!" అని నవ్వాను.

అతను నవ్వలేదు. జీపు కిందికి చూస్తున్నాడు.

"మామా... పోసిన నీళ్లు యాడ పోయినాయి?"

వంగి చూశాను. సిమెంటు నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క పడలేదు.

"వేడికి ఆవిరైపోయింటాయిలే."

"చెంబుడు నీళ్లా?"

చేతులు తుడుచుకుని గొంతు తగ్గించాడు. "ఈ జీపు ముందు జమ్మలమడుగు నాగేంద్రది గదా. గొర్రెలు కాసే ఆమెకు ఎండదెబ్బ తగిలితే ఇందులోనే ఆస్పత్రికి తీసకపోతాండు. దావలో ఆపినాడు. మళ్ల స్టార్ట్ కాలా. ఉండేది ఒక్క బాటిల్ నీళ్లు. ఆమె అడుగుతానే ఉంది. ఆయప్ప పంపుకు పోసినాడు... బండి కదిలింది. ఆమె ఆస్పత్రి చేరలా."

ఖాళీ చెంబు కింద పెట్టి అన్నాడు. "నీళ్లు పోసే ఉపాయం నాగేంద్రకు చెప్పింది నేనే మామా."

పని చేతగాక దయ్యం కథలు చెబుతున్నావని తిట్టి వచ్చేశాను. ఆనాటి నుంచి వెనక సీటు కింద నీళ్ల క్యాను పెట్టుకుని, ఆగినచోటల్లా పంపుకు పోస్తూ బండి నడిపాను. కిందికి చూడటం మాత్రం మానేశాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం నా భార్య చిన్నసుబ్బమ్మకు వాంతులు పట్టుకున్నాయి. ఒళ్లు పెనంలా కాలుతోంది. జీపులో పడుకోబెట్టి ప్రొద్దుటూరుకు బయల్దేరాను. ఆ హడావుడిలో ఫోనూ, నీళ్ల క్యానూ ఇంట్లోనే ఉండిపోయాయి. చేతికందింది ఒక్క బాటిల్. ఆస్పత్రి దాకా ఇంజిన్ ఆపకూడదని గట్టిగా అనుకున్నాను.

ముద్దనూరు దాటాక రోడ్డు మీద నరపురుగు లేదు. కరిగిన తారు వాసన. చెవుల్లో రయ్యిమంటూ వడగాలి. ఎర్రగుంట్ల సిమెంటు లారీలు కూడా ఎక్కడో నీడ చూసుకున్నట్టున్నాయి.

అప్పుడు గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. చిన్న గొర్రెపిల్లలు కూడా ఉన్నాయి. ఇంజిన్ మోతకు పిల్లలు బెదిరి తల్లుల్ని తప్పిపోతాయి. మంద తోలిన వాడెవడైనా అట్లాంటప్పుడు బండి ఆపేస్తాడు. నా చెయ్యి నన్ను అడగలేదు. తాళం తిప్పేసింది.

ఇంజిన్ ఆగింది.

మంద దాటిపోయింది. ఒక్క గొర్రె అరవలేదు. ఉన్ని వాసన రాలేదు. దుమ్ము లేవలేదు. మిట్టమధ్యాహ్నం, ఈ ఎండలో, మందను ఎవడు తోలుతాడు? రోడ్డు పక్క మట్టిలోకి చూశాను... ఒక్క గిట్ట గుర్తు లేదు.

తాళం తిప్పాను. స్టార్టర్ తిరుగుతోంది... తిరుగుతోంది... అందుకోలేదు.

"ఏమయా... నీళ్లు..."

వెనక సీట్లోంచి సుబ్బమ్మ. బాటిల్ తీశాను.

"నీళ్లు..."

ఈసారి బానెట్ కింద నుంచి. సుబ్బమ్మ గొంతే.

పంపుకు పోస్తే బండి కదులుతుంది. సుబ్బమ్మ ఆస్పత్రి చేరుతుంది. ఆ నాగేంద్ర కూడా ఇట్లాగే అనుకుని ఉంటాడు.

"పొయ్యను!" అని అరిచాను. "ఇవి నా పెండ్లాం నీళ్లు. నీకు పొయ్యను, పో!"

సుబ్బమ్మ తల ఎత్తి పట్టుకుని బాటిల్ నోటికి పెట్టాను. గటగటా ఖాళీ అయింది. కానీ... గొంతు కదల్లేదు. పెదవులు తడవలేదు.

టప్.

జీపు కింద.

టప్... టప్...

వంగి చూశాను. ఇంజిన్ కింద రోడ్డు తడుస్తోంది.

తాళం తిప్పాను. ఒక్క ఊపులో అందుకుంది.

సుబ్బమ్మ బతికింది. జీపు జబ్బు కూడా పోయింది. ఎంత వేడి మీద ఆపినా వెంటనే స్టార్ట్ అయ్యేది. నబీ రసూల్ ఒకసారి ఇంటికి వచ్చి, సుబ్బమ్మ ముఖం చూసి, బానెట్ ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

ఆమె దప్పిక తీరదు. కడవ ఖాళీ చేసి, "ఇంకా గొంతు ఎండుతాందయా" అంటుంది. పెదవులు పగిలి నెత్తురు చిమ్ముతుంటాయి. ఆమె చెంబు ఎత్తినప్పుడల్లా బయట జీపు కింద అదే చప్పుడు. తట్టుకోలేక జీపును పాత ఇనుముకు ఇచ్చేశాను.

అది నిలిపిన చోట నేల ఇంకా తడుస్తూనే ఉంది.

గొర్రెలు అమ్మేసిన ఇల్లు మాది. పొద్దున లేచి చూస్తే ఆ తడిమట్టి నిండా గిట్టల గుర్తులు. అన్నీ ఇంట్లోకి వచ్చినవే. బయటికి పోయిన గుర్తు ఒక్కటీ లేదు.