నాన్న విచారణ

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ కూతురు చల్లగా కబురు చెప్పింది. నీటి సరఫరా శాఖలో ఇంజనీరు ఆమె. "నాన్నా, మాకు గవర్నమెంటు క్వార్టర్సు ఇచ్చారు. వచ్చే నెల నుంచి ఇద్దరం అక్కడే."

ఇద్దరంటే ఆమె, ఆమె ప్రేమించిన నర్సు. ఆ సంగతి ఇంట్లో ఎప్పటినుంచో తెలిసిందే. నర్సంటే తల్లికి ప్రాణం. తండ్రి మాత్రం ఆ పిల్ల వస్తే ఓ పలకరింపు పలకరించి పేపరు చాటుకు వెళ్లిపోయేవాడు. ఆయనా అదే శాఖలో జీపు నడిపి రిటైరయ్యాడు.

"క్వార్టర్సు వద్దు," అన్నాడు. "ఇంట్లో మాకు తెలిసింది చాలు. ఆఫీసులో తెలియనివ్వకు."

"రూలు మారింది నాన్నా. ఇప్పుడు మమ్మల్ని కుటుంబంగానే చూస్తారు."

"కాగితమ్మీద మారితే సరిపోతుందా?"

"నేనంటే నీకు సిగ్గు. ఆ ముక్క చెప్పు చాలు." టిఫిను ముట్టకుండా వెళ్లిపోయింది.

"పిల్లని ఏడిపించి పంపారు. ఇప్పుడు మీ కడుపు నిండిందా?" అంటూ తల్లి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది. ఆయన తల దువ్వుకుని, ఎక్కడికో చెప్పకుండా బయలుదేరాడు.

తిన్నగా వెళ్లింది కూతురి ఆఫీసుకే. ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారిణి ఎదుట కూర్చున్నాడు. "మా స్నేహితుడొకడున్నాడండి. వాళ్లమ్మాయి ఇక్కడే పనిచేస్తుంది. ఇంకో అమ్మాయితో కాపురం పెడుతుందట. ఉద్యోగానికేం ఢోకా లేదు కదండీ?"

ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. "మీ స్నేహితుడు కూడా జీపు నడిపేవారా?"

"నడిపేవాడండి," అన్నాడు మెల్లగా.

ఆమెకు నవ్వాగలేదు. "పాత రూలు తీసేశారండి. ఇప్పుడు ఆ కారణంతో ఎవరినైనా తీసేస్తే, తీసేసినవాళ్లకే శిక్ష. మీ స్నేహితుణ్ణి నిశ్చింతగా ఉండమనండి. కొత్తింట్లో భోజనానికి ఎప్పుడు పిలుస్తారా అని మా సెక్షనంతా ఎదురుచూస్తోంది."

గది దాటగానే కూతురు ఎదురైంది. "ఇక్కడ నీకేం పని నాన్నా?"

దొరికిపోయాడు. వరండా గోడకు ఆనుకున్నాడు. "సిగ్గు కాదమ్మా, భయం. నేను చేరిన కొత్తలో ఓ ఆఫీసరు ఉండేవాడు. ఇంకో మగవాణ్ణి ప్రేమించాడని ఉద్యోగంలోంచి తీసేశారు. సామానుతో సహా ఇంటి దగ్గర దింపింది నేనే. దిగాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదాయన. ఒక్క మాటా అనలేకపోయాను. నువ్వు క్వార్టర్సు అనగానే ఆ మనిషే కళ్లముందుకొచ్చాడు."

కూతురి కళ్లు నిండాయి. "ఈ మాట ఇంట్లోనే చెప్పొచ్చుగా నాన్నా," అని ఆయన భుజమ్మీద తల వాల్చింది.

కాసేపటికి ఆయనే తేరుకున్నాడు. "అది సరే, ఆ పిల్లని ఏమని పిలవాలి? అల్లుడనలేను. కోడలంటే ఏమనుకుంటుందో."

"తననే అడుగు," అని నవ్వుతూ ఫోను కలిపి చేతికిచ్చింది.

"ఏంటే, ఈ వేళప్పుడు చేశావు?" అంది అవతల నర్సు.

అనుకున్న మాటలన్నీ మరిచిపోయాడాయన. "తను కాదమ్మా. నేను, నాన్నని."

అటువైపు కుర్చీ జరిపి లేచిన చప్పుడు వినిపించింది.

"చెప్పండి నాన్నా."