ఏడో హోలు దగ్గర గుసగుస

బోయిన్‌పల్లి అవతల గోల్ఫ్ క్లబ్బులో ఏడో హోలుకు మంచి పేరు లేదు. ఒక పక్క కంపు కొట్టే నాలా, ఇంకో పక్క సర్కారు తుమ్మలు. పొద్దుగూకితే అక్కడ ఠక్కుమని బంతి కొట్టిన చప్పుడవుతుంది... మనిషి మాత్రం కనబడడు. పాత ప్రో భద్రయ్య చచ్చి దెయ్యమై తిరుగుతున్నాడని మాలీల దగ్గర్నుంచి వంటవాళ్ల దాకా అందరూ తీర్మానించేశారు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను, నమ్మడం మానడం మీ ఇష్టం.

ఈ మాట విని లోపల్లోపల నవ్వుకున్నవాడు ఒక్కడే — ఓంప్రకాశ్. భద్రయ్య శిష్యుడు, ఆయన పోయాక ఆ క్లబ్బుకు ప్రో అయినవాడు. ప్రో అంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు — మెంబర్లకు ఆట నేర్పే జీతగాడు, అంతే. బారులోకి రాకూడదు, ముందు గుమ్మం తొక్కకూడదు.

ఆ చప్పుడు అతనిదే మరి.

అవి ఊరంతా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టిన రోజులు. నిన్నటిదాకా క్యారమ్స్ బల్ల తప్ప మరో ఆట ఎరగనివాళ్లు, అమెరికా ప్రాజెక్టులు రాగానే కొత్త కిట్లు మోయించుకుంటూ దిగేవాళ్లు. దెబ్బ నేర్పడానికి వాళ్ల చెమట నడుములు పట్టుకుని తిప్పాలి. పొదలో పడ్డ బంతిని బూటుతో బయటికి తన్నుకుంటే చూడనట్టు మొహం తిప్పుకోవాలి. గడ్డి లేచి బంతి లేవకపోయినా పొగడాలి. ఛీ... ఇదీ ఒక బతుకేనా! సాయంత్రానికి ఓంప్రకాశ్‌కు నోరంతా పాచిపోయినట్టుండేది.

అందుకే చీకటి పడ్డాక నాలుగు బంతులు జేబులో వేసుకుని ఏడో హోలుకు పోయేవాడు. ఒకప్పుడు టోర్నమెంట్లు ఆడినవాడు. ఈ చలికాలం మళ్లీ పేరిచ్చి, ఈ కొలువు మొహాన కొట్టి పోవాలని ఆశ. ఎవరి మెప్పు కోసమూ కాకుండా కొట్టే ఆ నాలుగు బంతులే అతని సొంతం. అవి కూడా పోతే ఇక మిగిలేది జీతగాడే.

ఒకనాడు కొత్త వాచ్‌మన్ పైడిబాబు, విజయనగరం నుంచి వచ్చినవాడు, బిక్కచచ్చిన మొహంతో వచ్చాడు.

"బాబూ... నిన్న రేత్రి ఆ తుమ్మల కాడ ఇన్నాను."

"బంతి సప్పుడే కద? ఎవ్వలికి చెప్పకు. గది నేనే."

"సప్పుడు కాదు బాబూ..." పైడిబాబు గొంతు తగ్గించాడు. "సప్పుడైన ఎంటనే ఎవుడో అంటన్నాడు... గుడ్ షాట్, సార్ — అని. పెతీ బంతికీని."

ఓంప్రకాశ్ వెంటనే పోల్చుకున్నాడు. అది భద్రయ్య మాట! ఎంత చెత్త దెబ్బకైనా చేతులు కట్టుకుని అదే అనేవాడు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. పొగిడే నోరు సంగతి పెద్దలు చెప్పలేదు. అంటే... ఉస్తాద్ రోజూ తన వెనకే నిలబడుతున్నాడా? భయం కన్నా ముందు రోత పుట్టింది. చచ్చినా ఈ బానిస మాట వదల్లేదా ముసలాయనను!

ఆ రాత్రి పైడిబాబును వెంటబెట్టుకుని వెళ్లాడు.

"జెర నా పక్కన్నే నిలబడు," అని గుసగుసలాడాడు. "మాట ఇనబడంగనే యాడికెల్లి వస్తుందో సూపియ్యి."

నాలా కంపు ముక్కులు బద్దలు కొడుతోంది. తుమ్మల్లో ఆకు కదలడం లేదు. ఓంప్రకాశ్ కొట్టాడు. ఠక్! బంతి పక్కకు తిరిగి నాలాలో బుడుంగుమంది.

"అదిగో!" పైడిబాబు అతని చెయ్యి పట్టి కుదిపాడు. "ఇన్నారా?"

"నాకేం ఇనబడలే. యాడ? తుమ్మలల్లనా?"

పైడిబాబు టార్చి వెలిగించాడు. వెలుగు తుమ్మల మీద పడలేదు — ఓంప్రకాశ్ మొహం మీద పడింది.

"మీరే అన్నారు బాబూ."

"ఏందీ? దిమాక్ ఖరాబైందా?"

"నా పిల్లల మీద ఒట్టు. నిన్న దూరాన్నుంచి పోల్చలేకపోనాను. మీ గొంతే."

ఓంప్రకాశ్ తన నోటిని చేత్తో తడుముకున్నాడు. పగలల్లా మెంబర్లతో తను అనే ఆ మాట తన చెవిన ఎప్పుడైనా పడిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. భుజం మీది తువాలు తీసి, మడిచి, పళ్ల మధ్య గట్టిగా కరిచాడు. టార్చి ఆర్పమని సైగ చేశాడు. ఉన్న కసినంతా చేతుల్లోకి తెచ్చుకుని కొట్టాడు.

ఏళ్ల తరబడి అలాంటి దెబ్బ పడలేదు. బంతి ఎంత దూరం పోయిందో ఆ చప్పుడే చెప్పింది. ఆపైన... నిశ్శబ్దం. మసక వెన్నెల్లో పైడిబాబు కూడా అటూ ఇటూ చూసి తల అడ్డంగా ఊపాడు. ఎవరూ ఏమీ అనలేదు.

పీడ వదిలింది! ఈ దెబ్బ నాది... నా ఒక్కడిదే. ఓంప్రకాశ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తువాలు లాగేసి, ఆ క్లబ్బు మొహానే ఉమ్మినట్టు నేల మీద ఉమ్ముదామని నోరు తెరిచాడు.

"గుడ్ షాట్, సార్..."

ఈసారి తన గొంతు తనకూ వినబడింది.