అంచులు బయటికి మడిచిన కట్ట

"పదకొండు యాభై ఐదుకి వంతెన మీద పేలాలి. అదీ ఆ ముఠా ప్లాన్," అన్నాడు చీఫ్ రేడియోలో. "బాంబు మీ శిబిరం నుంచే బయల్దేరుతుంది. పట్టుకో."

ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ ఏజెంటు వేయని వేషం లేదు. వంటవాడు, పైలట్, ఒకసారి శవం కూడా. ఈసారి శరణార్థుల శిబిరంలో సహాయ సంస్థ మనిషిగా రెండు నెలల నుంచి దుప్పట్లు మడుస్తున్నాడు. దుప్పట్ల మామయ్య అని పేరు పెట్టింది పిడుగు. ఏడేళ్ల పిల్ల. బాంబుదాడిలో అమ్మా నాన్నా పోయారు, మిగిలింది వంతెన అవతల పిన్ని ఒక్కతే. పిడుగు ఆయన పక్కన చతికిలబడి పని నేర్చుకుంది. అంచులు లోపలికి, నున్నటి మడత బయటికి, కట్టకి పది. అలా అయితే విప్పకుండానే లెక్క తేలుతుంది. మడత తప్పితే ఆయన్నే దులిపేసేది. ఆ పిల్లంటే ఆయనకి ప్రాణమైపోయింది. గూఢచారికి రాకూడని జబ్బు అది.

కాల్పుల విరమణకి ఇవాళే ఆఖరు. పన్నెండుకి వంతెన గేటు పడితే మళ్లీ తీయరు. ఆఖరి బస్సులో పిడుగుకి సీటు సంపాదించడానికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది.

ఫోటోగ్రాఫర్‌గా తిరిగే కెమెరా మేడమ్ నల్ల కళ్లద్దాలు తీసి, వాన పడుతుందా అని అడిగింది. గొడుగు అమ్మేశానన్నాడు. కోడ్ సరిపోయింది. బాంబు మందుల లారీలో ఉందని చెప్పి, సెంటు వాసన వదిలి కారెక్కిపోయింది. ఆమె రెండు వైపులా జీతం పుచ్చుకుంటుందని తెలిసీ, వెర్రినాగన్నలా నమ్మాడు. లారీ అంతా గాలిస్తే మందులే ఉన్నాయి.

ఇక మిగిలింది పిడుగు ఎక్కి వెళ్లిన ఆఖరి బస్సే. మోటార్ సైకిల్ మీద వెంటపడి, వంతెన మొదట్లో ఆగిన బస్సుని అందుకున్నాడు. పదకొండూ నలభై ఎనిమిది. పిడుగు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మామయ్యా, నా సీటు కింద కట్ట ఎవరు మడిచారు? అంచులన్నీ బయటికే ఉన్నాయి."

ఆయన జేబులో బాంబుల్ని పసిగట్టే పెన్ డిటెక్టర్ ఎర్రగా వెలిగింది. అందర్నీ దింపేసి కట్ట విప్పాడు. ఏడు సెకన్లుండగా వైరు తెగింది.

తనిఖీ అయ్యేదాకా ఎవరూ కదలకూడదని సిపాయిలు తుపాకులు అడ్డం పెట్టారు. పిల్లనొక్కదాన్నైనా వదలమని, ఎవరికీ తలవంచని మనిషి వాళ్ల చేతులు పట్టుకుని బతిమాలాడు. ఎవరూ వినలేదు. పన్నెండుకి గేటు పడింది. అవతల పిన్ని తలగుడ్డ తీసి ఊపుతూనే ఉంది. కెమెరా మేడమ్ మాత్రం పదకొండున్నరకే దాటిపోయిందట.

"నేను చెప్పకుండా ఉండాల్సిందా, మామయ్యా?" అని అడిగింది పిడుగు.

లేదమ్మా అన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

రేడియోలో చీఫ్ గొంతు ఉషారుగా వినిపించింది. "మిషన్ సక్సెస్. మన వైపు నష్టం సున్నా."

ఆ సున్నా తన పక్కనే నిలబడి చలికి వణుకుతుంటే, ఆయన కట్టలోంచి ఒక దుప్పటి తీసి కప్పాడు.