ఉప్పు ఐసులో తాళంచెవి

"సిద్దార్థ బతికే ఉన్నడు," అంది సుధారాణి మేడం. "రేపు సాయంత్రం దాకా."

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మిక్సీల రిపేరు షాపు పైన ఉంది ఆ సీక్రెట్ ఆఫీసు. కింద ఎవరి చట్నీ జారో గిర్రున తిరుగుతుంటే, పైన దేశ రక్షణ జరుగుతుంటుంది. ఏజెంట్ భీమేష్ కుర్చీ అంచుకు జరిగాడు. సిద్దార్థ అతని పార్ట్‌నర్. ఏళ్ల తరబడి ఒకే టిఫిన్ డబ్బాలో తిన్న మనిషి.

"ఎక్కడ పెట్టిండ్రు మేడం?"

"తెల్వది. విక్టర్ గ్యాంగ్ రేపు మహారాష్ట్ర బార్డర్ దాటిస్తది. ఏ బండిలో, ఏ రూట్‌లో... అంతా ఎల్లారెడ్డిలో విక్టర్ లాప్‌టాప్‌లో ఉంది."

"ఎత్తుకొస్త."

"ఎత్తుకొచ్చి ఏం జేస్తవ్? మంచిగ విను. హార్డ్ డిస్క్ బీరువా లెక్క. కరెంటు పోయినా లోపలి సామాను అట్లనే ఉంటది. కానీ విక్టర్ ఆ బీరువాకు ఎన్‌క్రిప్షన్ తాళం వేసిండు. తాళంచెవి ర్యామ్‌లో ఉంటది. ర్యామ్ అంటే వంటగట్టు. వంట నడిచినంత సేపే అన్నీ గట్టు మీద ఉంటయి. కరెంటు పోయిందా, కొన్ని సెకండ్లలో గట్టు మొత్తం తుడుచుకపోతది. తాళంచెవితో సహా."

"మరెట్ల?"

"బాగా చల్లగ చేస్తే కొన్ని నిమిషాలు ఆగుతది." ఆమె స్టీలు డబ్బా ఒకటి టేబుల్ మీద పెట్టింది. "ఫ్రీజర్ స్ప్రే. ర్యామ్ మీద కొట్టు, ఊడబీకు, వ్యాన్‌ల రీడర్‌కు పెట్టు."

"లోపల మనోళ్లు?"

"నిహారిక. బ్యూటీ పార్లర్ నడుపుతది. విక్టర్ తన మనిషి అనుకుంటుండు. నేను నా మనిషి అనుకుంటున్న. ఆమె ఏమనుకుంటుందో ఎవరికీ తెల్వది. అవునూ, నీ కుల్ఫీ బండి ఎట్లుంది?"

భీమేష్ సిగ్గుపడ్డాడు. విక్టర్ ఇంటి ముందు వారం నుంచి అతనిది కుల్ఫీవాలా వేషం. "మస్తు నడుస్తుంది మేడం. పిల్లలు వదుల్తలేరు."

మర్నాడు మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో విక్టర్ ఇంటి గేటు తెరుచుకుంది. నల్లకళ్లద్దాలు, చిలకపచ్చ చీర. నిహారిక.

"పిస్తా ఉందా?"

"మలై ఒక్కటే ఉంది."

"అయితే లోపలికి తే."

భీమేష్ కుండను చంకన పెట్టుకుని నడిచాడు. వీధి చివర వ్యాన్‌లో డ్రైవర్ సిద్దిరాములు ఇంజిన్ ఆన్ చేసే ఉంచాడు.

విక్టర్ లాప్‌టాప్ ముందున్నాడు. అది పాత మోడల్. బ్యాటరీ ఎప్పుడో తీసేశాడు; చార్జర్ వైరు మీదే నడుస్తోంది. ఒక్క వైరు లాగితే అన్నీ మాయం. అదే అతని సెక్యూరిటీ. కుల్ఫీ అందుకుంటూ తలెత్తి చూశాడు. అతని చూపు భీమేష్ చెవి దగ్గర ఆగింది.

ఇయర్‌ఫోన్!

విక్టర్ వైరు లాగేశాడు. స్క్రీన్ నల్లబడింది.

"ఇక వందేళ్లు తవ్వుకోండి," అని నవ్వుతూ పిస్టల్ తీశాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది. నిహారిక తన బ్యాగులోని హెయిర్ స్ప్రేను వాడి కళ్లలోకి కొట్టింది.

భీమేష్ లాప్‌టాప్ తిరగేశాడు. ర్యామ్ మూతకు స్క్రూలు లేవు! ఊడిపోకుండా స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది. నిహారిక ఎవరి మనిషో ఆ బొట్టు చెప్పింది. మూత లాగి, నడుములో దోపుకున్న స్ప్రే తీసి నొక్కాడు.

తుస్సుమంది. డబ్బా ఖాళీ.

"సిద్దిరాములన్నా! స్ప్రే ఏమైంది?"

"గా డబ్బా నొప్పుల స్ప్రే కాదా సారూ? పొద్దుగాల మోకాలికి జర కొట్టుకున్న."

"జరనా?"

"రెండు మోకాళ్లు కద సారూ."

సెకండ్లు కారిపోతున్నాయి. సిద్దార్థ ఆయుష్షు కూడా. భీమేష్ కళ్లు కుండ మీద పడ్డాయి. ఐసు, గల్లుప్పు. ఉప్పు పడ్డ ఐసు మామూలు ఐసును మించి చల్లబడుతుంది. వారమంతా వేళ్లు తిమ్మిరెక్కి మరీ నేర్చుకున్న విద్య అది. ర్యామ్ ఊడబీకి, కుల్ఫీ పార్సిల్ కవర్‌లో చుట్టి, మోచేతి దాకా కుండలోకి దోపాడు.

"ఉరుకు!" అంది నిహారిక, విక్టర్ చేతులు వాడి చార్జర్ వైరుతోనే కడుతూ.

లాప్‌టాప్ ఒక చంకన, కుండ ఇంకో చంకన. వ్యాన్‌లో కవర్ చించి ర్యామ్‌ను రీడర్‌లో గుచ్చాడు. రీడర్ ఆలోచించింది. ఇంకా ఆలోచించింది. పచ్చ లైటు వెలిగింది.

తాళంచెవి ఉంది. బీరువా తెరుచుకుంది.

"మేడం! మక్కజొన్నల లారీ! డోంగ్లి దారి!"

డోంగ్లి దాటాక, మహారాష్ట్ర వైపు ముందు చక్రాలు పోయాక, వెనక చక్రాలు ఇంకా తెలంగాణలో ఉండగా మేడం మనుషులు ఆ లారీని ఆపారు. బస్తాల కింద నుంచి సిద్దార్థను లాగారు. నోటి ప్లాస్టర్ తీయగానే, "తినెతందుకు ఏమన్న ఉన్నదా?" అన్నాడు.

కామారెడ్డి ఆఫీసులో సుధారాణి మేడం చాలా రోజుల తర్వాత నవ్వింది. "భీమేష్, స్ప్రే ఎట్ల పనిచేసింది?"

భీమేష్ తలుపు వైపు చూశాడు. మూడేళ్లుగా గోడ పట్టుకుని ఎక్కే సిద్దిరాములు, చాయ్ పట్టుకుని రెండేసి మెట్లు ఎగిరి వస్తున్నాడు.

"మస్తు పనిచేసింది మేడం."