నీళ్ళమీద నారింజ రంగు

1968 మాఘమాసం. కళింగపట్నానికి ఉత్తరాన ఉన్న ఒక పల్లెలో, ఒడ్డున కూర్చుని పుల్లతో ఇసకమీద లెక్కలు వేస్తున్నాను. మాది గజపతినగరం. అక్కగారింటికి నాలుగు రోజులుందామని వచ్చి ఈ పనిలో పడ్డాను. సముద్రం మెత్తగా ఉంది. వలలు ఆరుతున్నాయి. గాలినిండా ఎండుచేపల వాసన.

నా లెక్క చిన్నది. తెప్పమీంచి పడ్డవాడి తల నల్లగా ఉంటుంది. సాయంత్రమైతే నీళ్ళూ నల్లగానే ఉంటాయి. రెండువందల బారలు దాటితే కనబడదు. అదే తలకి నారింజ రంగు టోపీ ఉంటే ఆరువందల బారల దాకా కనబడాలి. దూరం మూడు రెట్లయితే వెతకగలిగే మేర తొమ్మిది రెట్లు. ఆ తొమ్మిది నన్ను నిద్రపోనివ్వలేదు. ఆమదాలవలస వెళ్ళి గుడ్డ కొని నేనే కుట్టాను. ఒక్కటే టోపీ. పనికొస్తే పల్లె అంతటికీ కుట్టించాలని.

ఆ పల్లె జాలరి గంగులు పరీక్షకి వెంటనే ఒప్పుకున్నాడు. కిందటి నెల వాడి అన్న కొండబాబు తెప్పమీంచి పడిపోయాడు. కేకలు వినబడుతూనే ఉన్నాయట. మనిషి కనబడలేదు. శవం కూడా దొరకలేదు.

"నాను దిగుతాను బాబూ. ఎంత దూరం కనబడతానో నువ్వు సూసుకో," అన్నాడు.

వాడికి పిల్లనిచ్చిన మామ అప్పలసూరి తెప్ప వేస్తానన్నాడు. మనుషులు పోయేది మసకవేళ కనక ఆ వేళకే బయల్దేరాం.

గంగులు భార్య నీలవేణి టోపీ చూసి ఆగిపోయింది.

"ఏటి బాబూ, ఈ రంగు నీకెవలు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. బాగా కనబడుతుందని..."

"కనబడతాదనే మాం కట్టుకోం. మనిషి దొరక్కపోతే ఆడి పంచి ఈ రంగులో అద్ది నీళ్ళలో ఒదిలీస్తాం. ఆడొచ్చి అట్టుకుంటాడని. మొన్న కొండబాబు బావకీ ఒదిలినాం."

"ఒసే, ఇది పంచి కాదు, టోపీ," అని నవ్వాడు గంగులు. "మీ అయ్య పెళ్ళిలో ఎట్టిన తలగుడ్డ కన్నా బాగున్నాది."

"నీ బుర్రకి సరిపడ్డ గుడ్డ ఈ జిల్లాలో దొరకలేదురా అల్లుడా," అన్నాడు అప్పలసూరి.

నేనూ నవ్వాను. నీలవేణి నవ్వలేదు.

కెరటాలు దాటాక గంగులు ఎండుదుంగ ముక్క ఒకటి చంకన పెట్టుకుని నీళ్ళలోకి దిగాడు. మేం తెడ్డు వేసుకుంటూ దూరం జరిగాం. రెండువందల బారలు. మూడువందలు. టోపీ నిప్పుకణికలా కనబడుతూనే ఉంది. నాకు కేక వెయ్యాలనిపించింది.

అప్పుడు మంచు దిగింది. గాలి లేదు. ఒడ్డు పోయింది, ఆకాశం పోయింది, రంగు కూడా పోయింది. తెడ్డుమీంచి నీళ్ళు కారే చప్పుడొక్కటే మిగిలింది. ఎక్కణ్ణించో తడిసి కుళ్ళిన గుడ్డల వాసన.

"తిప్పు మావా," అన్నాను.

తిప్పాడు. కాసేపటికి ఎదురుగా నారింజ రంగు. పక్కనే పైకెత్తిన చెయ్యి. బలంగా తెడ్డు వేశాం. దగ్గరికి రాలేదు. ఇంకా వేశాం. అంతే దూరంలో ఉంది.

ఎడమవైపు ఇంకొకటి తేలింది.

మా వెనక... మరొకటి.

నేను కుట్టింది ఒక్కటే.

అప్పలసూరి తెడ్డు ఆగిపోయింది. "ఏది మనోడు?" అని గుసగుసగా అడిగాడు.

నాకు లెక్క తప్ప ఇంకేమీ తెలీదు. అల పోయే వైపు ఒడ్డు, దాన్నిబట్టి దిక్కులు తెలుస్తున్నాయి. ఆ రోజు నీటివాలు ఉత్తరానికి ఉంది. తేలే మనిషి వాలులోనే పోవాలి. ఈ రంగులన్నీ దక్షిణానికి పోతున్నాయి. ఎదురు... నెమ్మదిగా... అలకి ఊగకుండా.

"ఇవేవీ కాదు. రంగు లేని వైపు పోనీ. నేను పేరు పెట్టి పిలుస్తాను."

"వొద్దు బాబూ. ఎవలు పలుకుతారో."

ఉత్తరానికి పోయాం. అంతా నలుపు. తెడ్డు దేనికో మెత్తగా తగిలింది.

గంగులు. తలమీద టోపీ లేదు. దుంగని గుండెకి అదుముకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇద్దరం పట్టి పైకి లాగాం.

"టోపీ ఏదిరా?" అన్నాను.

"అడిగినాడు," అన్నాడు. "ఇచ్చీసినాను."

అప్పలసూరి తెప్పని అల పోయే వైపు తిప్పాడు.

ఒడ్డునించి వచ్చేటప్పుడు ముగ్గురం ఎక్కితే దుంగల సందుల్లోంచి నీళ్ళు కాలివేళ్ళకి తగిలాయంతే. ఇప్పుడు తొడల దాకా నీళ్ళు. అప్పలసూరి రొప్పుతున్నాడు, తెప్ప కదలనంటోంది. ముగ్గురి బరువెంతో నాకు తెలుసు... ఇంత మునగదు. గంగులు తల వంచుకునే ఉన్నాడు. నేనూ వెనక్కి తిరగలేదు.

ఒడ్డు దగ్గర లాంతరు వెలుగు. మొగుణ్ణి చూసి నీలవేణి మోకాలి లోతు నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చింది. రెండు బారల దూరంలో ఆగింది. ఆమె చూపు గంగుల్ని దాటి, నన్ను దాటి, నా భుజం వెనక్కి పోయింది.

లాంతరు కిందికి దించింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, తల వంచి, ఇంట్లో పెద్దవాళ్ళకి దారి ఇచ్చినట్టు పక్కకి తప్పుకుంది.

మేం ముగ్గురం ఇంకా తెప్ప దిగనే లేదు. తెప్ప ఒక్కసారిగా పైకి తేలింది.