అరుగు మీది పెట్టె

సైనిక అకాడమీకని సాగనంపిన కూతురు ఆరో రోజునే తిరిగొచ్చింది! ఆటోలోంచి ముందు నల్ల ట్రంకుపెట్టె దిగింది. వెనక సుమశ్రీ. కొత్తగా కత్తిరించిన జుట్టు కింద ఆ పిల్ల ముఖం చూసి తల్లి సుందరమ్మ అరుగు దిగి ఎదురెళ్ళింది.

చేరేముందు అందరికీ మళ్ళీ మెడికల్ చేశారట. ఎడమ చెవికి సరిగా వినపడటం లేదన్నారట. గుబిలి ఉబ్బి కర్ణభేరికి అడ్డం పడిందట. అన్‌ఫిట్ అని రాసి, నెలలోపు అప్పీలు చేసుకోవచ్చని కాగితం చేతికిచ్చారట. ఎంపికప్పుడు ఇదే చెవికి ఏ వంకా పెట్టలేదు...

సుందరమ్మకి నూనెగిన్నె గుర్తొచ్చింది. ఊరికి కదిలే రోజు పొద్దున్న తలంటుతూ, గోరువెచ్చని నువ్వులనూనె ఆ చెవిలో పోసింది తనే. వద్దమ్మా అంటున్నా తల ఒళ్ళో అదిమిపట్టి మరీ పోసింది. దూరం వెళ్ళే బిడ్డకి చలవ చేస్తుందనుకుంది... ఆ చలవే బిడ్డని ఇంటికి తెచ్చింది!

సాయంత్రానికి ఆడపడుచు బుల్లమ్మ వచ్చేసింది. ఆమె కొడుకు నూకరాజుకి సుమశ్రీని చేసుకోవాలని ఎప్పట్నుంచో ఉంది.

"సెవుడుంటే ఏటైపోయింది? మా నూకరాజు గట్టిగానే మాటాడతాడు. ముహూర్తం ఎట్టించీయండి," అంది.

చెరుకు తోటలోంచి అప్పుడే వచ్చిన సుమశ్రీ తండ్రి గంగాధరం అక్క మాటకి ఎదురు చెప్పలేదు. తల దించుకుని, అరుగు మీదున్న పెట్టెని లోపలికి లాగబోయాడు. సుందరమ్మ దాని మీద చెయ్యి వేసింది.

"లోపలెట్టొద్దు. ఇది మళ్ళీ ఎల్లాల్సిన పెట్టె," అని ఆడపడుచు వైపు తిరిగింది. "సెవుడు నా కూతురికి కాదొదినా. వద్దు వద్దని అది మొత్తుకుంటుంటే ఇనకుండా నూనె పోసేను. సెవుడుంటే నాకుంది."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె అంత మాట అనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు!

పెట్టె అరుగు మీదే ఉండిపోయింది. వాన వస్తే సుందరమ్మ గోనెపట్టా కప్పేది. దారిన పోయేవాళ్ళు అడిగితే తన తప్పు ఉన్నదున్నట్టు చెప్పేది. ఒకరిద్దరు నవ్వారు కూడా. నవ్వనీ అనుకుంది.

సుమశ్రీ వచ్చిన మర్నాడే అనకాపల్లిలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందు చుక్కలు వేసి, నాలుగు రోజుల తర్వాత శుభ్రం చేసి, కర్ణభేరి నిక్షేపంలా ఉందన్నాడు డాక్టరు. నూనె పోసిందెవరని గద్దిస్తే, బడిపిల్లలా చెయ్యెత్తింది సుందరమ్మ!

ఇంటికొచ్చి సుమశ్రీ అరుగు మీద కూర్చుంది. పెరట్లో ఎద్దుకి నీళ్ళు పెడుతూ గంగాధరం తనలో తను గొణుక్కుంటున్నాడు: "అక్కకి ఎదురు సెప్పలేకపోయేను. పిల్లకి మొకం ఎలా సూపించను..."

"ఇనపడింది నాన్నా," అంది సుమశ్రీ అక్కణ్ణుంచే. గంగాధరం చేతిలో బాల్చీ ఒలికిపోయింది.

అప్పీలు కోసం విశాఖ మిలిటరీ ఆసుపత్రికి తండ్రే తీసుకెళ్ళాడు. ఫిట్ అని రాశారు. రెండు వారాలకి, వెంటనే వచ్చి చేరమని కబురొచ్చింది.

ప్రయాణం రోజు పొద్దున్నే బుల్లమ్మ, ముహూర్తం మాట పక్కనపెట్టి, నూనెగిన్నె వెచ్చబెట్టుకుని వచ్చింది. మేనకోడలి తలకి తనే అంటింది. అలవాటు చొప్పున చెయ్యి చెవి దాకా పోయి... ఆగిపోయింది.

సుందరమ్మ ఆ గిన్నె అందుకుని అరుగు మీదికి వెళ్ళింది. మంచుకీ వానకీ పెట్టె బందులు తుప్పుపట్టాయి. ఒక్కోదానిలో రెండేసి చుక్కలు పోసి, మూత ఎత్తి దించింది. కిర్రుమనలేదు.

"మన నూనె దీనికేస్తే సాలొదినా," అంది.

బుల్లమ్మ కూడా అరుగు మీదికొచ్చింది. కొంగు నడుముకి దోపుకుని పెట్టెకి ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క సుందరమ్మ పట్టుకుంది.