పదకొండో చుక్క

రమీలాబెన్ పన్ను పీకించుకోడానికి 10.40కి కుర్చీలో కూర్చుంది. 10.52కి ఊపిరాడక ప్రాణం పోయింది. ఆస్తమా మనిషి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది నర్సు జాగృతి. మందు మార్చేసిందని కేసు. సాయంత్రం అయిదింటికి అరెస్టు.

జాగృతి చెప్పిన ఒక్క మాట డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కేతన్ వసావా చెవిలో ఉండిపోయింది.

"సీసాలోంచి అగ్గిపుల్ల గీసిన కంపు వచ్చింది సాహెబ్."

మర్నాడు మధ్యాహ్నం 2.15. అంకలేశ్వర్‌లో ఆ మందు తయారైన ఫ్యాక్టరీ. యజమాని ధనసుఖ్‌భాయ్ ఒక దవడతోనే శనగపిండి ఫాఫ్డా నములుతున్నాడు.

"పన్ను నొప్పి సాహెబ్. మీరు తినండి."

కేతన్ ముట్టలేదు. "మీ సీసాలు వెనక్కి రావా?"

"ఒక్కటీ రాదు! మిగతావాళ్లవి పాతబడి గులాబీ రంగుకి తిరిగితే నర్సులు తిప్పి పంపుతారు. మాది ఎప్పుడూ నీళ్లలా ఉంటుంది."

"పోయిన వేసవిలో వచ్చినట్టు రికార్డుంది."

"అవి పారబోశాం."

కేతన్ వెనక షెడ్డు తలుపు తోశాడు. ముక్కు మండింది. అదే అగ్గిపుల్ల కంపు. తొట్టిలో పాత లేబుళ్లు నానుతున్నాయి, పైన ఈగలు. గట్టు మీద మూతలు ఊడదీసిన గులాబీ మందు సీసాలు. కింద ప్లాస్టిక్ బకెట్. అందులో స్నానాల మగ్గు.

4.20. ఆసుపత్రి. అరెస్టు చేసిన ఎస్.ఐ. చావ్డా, ఆయన వెంట తెచ్చిన జాగృతి, ధనసుఖ్‌భాయ్. బల్ల మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో వేరే కంపెనీ మందు. రెండోదాంట్లో రమీలాబెన్‌కి ఇచ్చిన సీసాలోది. కేతన్ టింక్చర్ అయోడిన్ చుక్కలు వేశాడు.

మొదటి గ్లాసులో మూడో చుక్కకే గోధుమరంగు నిలిచింది. రెండోదాంట్లో పదకొండో చుక్క కూడా మాయమైంది.

"ఏంటీ గారడీ?" అన్నాడు చావ్డా.

"మెటాబైసల్ఫైట్, గంధకం ఉప్పు. మందు గాలికి చెడకుండా చిటికెడు వేస్తారు. ఆ చిటికెడే కొందరు ఆస్తమా వాళ్లకి పడదు. ఇది అయోడిన్ రంగుని మింగినట్టే చెడిన మందు గులాబీ రంగునీ మింగేస్తుంది. ఈయన తిరిగొచ్చిన మందంతా బకెట్లో కుమ్మరించి, రంగు పోయేదాకా ఇది గుప్పించి, కొత్త లేబుల్ అంటించాడు. అందరూ రంగు వచ్చిందా అని చూశారు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు."

"అబద్ధం! నా మందు అమృతం!" అరిచాడు ధనసుఖ్‌భాయ్.

జాగృతి సిరంజి తీసింది. అదే సీసాలోంచి నింపింది. కుర్చీ చూపించింది.

"పన్ను నొప్పన్నారట. రండి భాయ్, నోరు తెరవండి."

ధనసుఖ్‌భాయ్ రెండు చేతులతో నోరు మూసుకుని గోడకి అతుక్కుపోయాడు.

చావ్డా జాగృతి పేరున్న కాగితం చింపి, కొత్తది తీశాడు.